మూర్ఛ పుట్టేచోటు: ఒక అన్వేషణ చరిత్ర

అరబ్బీ వైద్యులు మూర్ఛవ్యాధిని ‘సర్అ’ అన్నారు. పడవేయడం అని ఆ మాటకు అర్థం. మనిషిని నిలువునా పడవేసే ఈ వ్యాధి ఎక్కడ పుడుతుంది? రెండువేల సంవత్సరాలకు పైగా వైద్యులను వేధించిన ప్రశ్న ఇది. సమాధానం దొరకనంతకాలం రోగిని గాలి సోకినవాడనీ, పిచ్చివాడనీ లోకం అంటూనే వచ్చింది.

క్రీ.శ. రెండవ శతాబ్దంలో గ్రీకు వైద్యుడు గాలెన్ ఒక బాలుని సంగతి వ్రాశాడు. ఆ బాలునికి మూర్ఛ కాలిలో మొదలై, తొడ మీదుగా మెడకూ, అక్కడినుండి తలకూ ఎక్కేది. అందుచేత కొన్ని మూర్ఛలు మెదడులోనే పుడతాయనీ, కొన్ని ఇతర అవయవాలలో పుట్టి మెదడును చేరుతాయనీ గాలెన్ తలచాడు. ఇబ్నె సీనా (980-1037) తన ‘అల్ ఖానూన్ ఫిత్తిబ్’లో ఈ విభజననే అనుసరించినా, ‘సర్అ’ను శిరోవ్యాధులలో చేర్చాడు. మెదడులోని మార్గాలు కొంతమేరకు మూసుకొనిపోవడం దీనికి కారణమన్నాడు.

కాలిలో మొదలయ్యే మూర్ఛ మర్మాన్ని విప్పినవాడు లండన్ వైద్యుడు హ్యూలింగ్స్ జాక్సన్ (1835-1911). అదిరేది కాలే అయినా, కాలిని నడిపే మెదడు భాగంలోనే మూర్ఛ పుడుతున్నదని ఆయన గ్రహించాడు. 1886 మే 25న విక్టర్ హార్స్‌లీ లండన్‌లో ఒక యువకుని మెదడునుండి గాయపు మచ్చను కోసి తీసివేయగా మూర్ఛలు ఆగిపోయాయి. ఆ యువకునికి చిన్ననాడు తలకు తగిలిన దెబ్బే చోటును చూపింది. మరి పైకి ఏ గుర్తూ లేనివారి మాటేమిటి?

జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లో మానవుని మెదడు విద్యుత్తరంగాలను మొదటిసారి నమోదుచేశాడు. అదే ఇ.ఇ.జి. 1971లో లండన్‌లో మొదటి రోగికి సి.టి. స్కాన్ తీశారు. పుర్రె తెరవకుండానే లోపలి గడ్డలు కనిపించాయి. కాని చిన్న మచ్చలు దానికి చిక్కలేదు. మూర్ఛ రాని వేళల్లో వ్యాధిగల చోటు చక్కెరను తక్కువగా వాడుకుంటుందని 1980 నాటికి లాస్ ఏంజిల్స్ వైద్యులు పెట్ స్కాన్‌తో చూపారు. తరువాత ఎమ్.ఆర్.ఐ. వచ్చి, కణత లోపల ముడుచుకొని గట్టిపడిన హిప్పోకాంపస్ అనే భాగాన్ని సైతం పట్టి చూపింది.

అయితే చిత్రం ఒక సాక్షి మాత్రమే, న్యాయమూర్తి కాదు. కనబడిన మచ్చ మూర్ఛకు మూలం కాకపోవచ్చు. రోగి చెప్పే తొలి లక్షణాలు, ఇ.ఇ.జి., చిత్రం ఈ మూడూ ఒకే చోటును చూపినప్పుడే వైద్యుడు నిశ్చింతగా కత్తి పట్టగలడు.

మందులకు లొంగని మూర్ఛలు సుమారు మూడింట ఒకవంతు. వారిలో తగినవారికి ఈ అన్వేషణ ప్రాణప్రదమైనది. 2001లో వెలువడిన కెనడా పరిశోధనలో కణతభాగపు మూర్ఛగల 80 మందిని రెండు వర్గాలుగా విభజించారు. ఏడాది తరువాత చూడగా, శస్త్రచికిత్సకు ఎంచుకున్న వర్గంలో 58 శాతం మందికి స్పృహ తప్పించే మూర్ఛలు లేవు. మందుల వర్గంలో అలాంటివారు 8 శాతమే.

మన దేశంలో 1976 నాటి సవరణతో హిందూ వివాహ చట్టమూ, ప్రత్యేక వివాహ చట్టమూ తరచు వచ్చే మూర్ఛను ఉన్మాదం సరసన నిలిపి వివాహానికి అడ్డుగా పేర్కొన్నాయి. 1999లో గాని ఆ మాట తొలగలేదు. మూర్ఛకు మెదడులో చోటు ఉన్నదని శాస్త్రం చూపింది. ఆ రోగికి సమాజంలో చోటివ్వవలసినది మనమే.