భయమను రెండవ వ్యాధి

పెన్నయొడ్డుననున్న జమ్మలమడుగులో లండన్ మిషనువారు వైద్యశాల నెలకొల్పిన నాటినుండి ఈ సీమవారు దేహమునకు వచ్చు రోగమును వైద్యునికి చూపుకొనుట నేర్చిరి. మనస్సునకు వచ్చు రోగమును మాత్రము నేటికిని దాచుచున్నాము. ఎచ్.ఐ.వి. సోకినవారి విషయమున ఈ దాపరికము రెండింతలగుచున్నది.

మన దేశమున ఈ వ్యాధి 1986లో చెన్నపట్టణమున బయటపడెను. 1989లో గోవాయందు డొమినిక్ డిసౌజా అను యువకునికి, రక్తదానముచేసిన పిమ్మట, ఈ క్రిమి సోకినదని తెలిసి, అతనిని 64 దినములు నిర్బంధించిరి. నిరుపేద కుష్ఠరోగులను నిర్బంధించుటకు 1898లో చేసిన చట్టము త్రొక్కిన త్రోవయే యిది. రోగమును మాన్పలేనివారు రోగిని వెలివేసిరి.

2004 ఏప్రిల్ 1వ తేదినుండి ప్రభుత్వమువారు ఉచితముగ మందులొసగుచున్నారు. మందు తప్పక వాడువారికి ఇది మధుమేహమువలె దీర్ఘకాలవ్యాధి మాత్రమే. కాని మందు ప్రతిదినము పుచ్చుకొనవలెను. దిగులు పట్టిన మనుజుడు మందు మఱచును. మఱచినకొలది క్రిములు ప్రబలును. దేహము క్షీణింపగా దిగులు హెచ్చును. పూర్వము విరివిగ వాడిన ఎఫావిరెంజు అను మందు కొందఱికి పీడకలలు, వ్యాకులత కలిగించెడిది. దానిని గ్రహదోషమనుకొని ఊరకుండిన రోగికి మందు మార్చుటెట్లు? కావున మనోవైద్యము ఈ చికిత్సలో నొక భాగమే.

2017లో రెండు చట్టములు వచ్చి, మఱుసటి యేట అమలులోనికి వచ్చెను. ఒకటి మనోవైద్యమును ప్రతివాని హక్కు గావించెను. రెండవది కొలువునందును, బడియందును, వైద్యశాలయందును ఎచ్.ఐ.వి. సోకినవారిపట్ల వివక్షను నిషేధించెను. వారి సంగతి వారి సమ్మతిలేక వెల్లడించుటయు తప్పనెను.

అయినను చట్టము కచేరీవఱకు వచ్చును గాని వంటయింటికి రాదు. ప్రొద్దుటూరి వర్తకుని యింటనైనను, పులివెందుల రైతు నింటనైనను, సోకినవారికి వేఱు కంచము, వేఱు చెంబు పెట్టుట మనము చేయు పని. కలిసి భుజించుటచే ఈ క్రిమి సోకదు. మందుచే రక్తమున క్రిమి కానరానంతగ తగ్గి, అట్లే నిలిచినవారినుండి దాంపత్యమునందును సోకదు.

ఇన్ని తెలిసియు కంచమును వేఱుచేయుదుమేని, మందుతో మానవలసిన రోగికి దిగులును మనమే వడ్డించుచున్నాము. మన యింట ఎవరైన నిద్రలేక, మాటలేక, మందు మానియున్నచో వారిని నిందింపక చెంత కూర్చుండి వినుదము. వైద్యునొద్దకు తోడుగ పోవుదము. పాఠకమహాశయులును, సోదరీమణులును ఈ పనికి నేడే పూనుకొందురుగాక.