బెత్తం పోయింది, బెదిరింపూ పోవాలి

జూన్ వచ్చిందంటే విజయవాడ గవర్నర్‌పేట బీసెంట్ రోడ్డులో కాలు పెట్టే సందుండదు. గుడివాడ, కైకలూరు, అవనిగడ్డల నుంచి వచ్చిన తల్లిదండ్రులు పిల్లల హాస్టలు సామాను కొంటుంటారు. పెట్టె, తాళం, బకెట్టు, మగ్గు, దుప్పటి. ఫీజెంత, ర్యాంకులెన్ని, మెస్సులో భోజనం ఎలా ఉంటుంది అని అన్నీ అడిగే పిల్లల్ని చేర్పిస్తారు. పైక్లాసువాళ్ళు మావాణ్ణి ఏడిపిస్తే ఎవరికి చెప్పుకోవాలి అన్న మాట మాత్రం అరుదుగా అడుగుతారు. దానికి మన రాష్ట్రంలో చట్టం 1997లోనే జవాబు రాసిపెట్టింది.

వీధిబడి రోజుల్లో బడిలో భయమంటే పంతులుగారే. గోడకుర్చీ, తొడపాశం, చింతబరికె, చేతులు కట్టి తాడుకు వేలాడదీసే కోదండం. 1860 నాటి శిక్షాస్మృతిలోని 89వ సెక్షన్, పన్నెండేళ్ళలోపు పిల్లల మేలు కోరి సంరక్షకులు గానీ, వాళ్ళ సమ్మతితో మరొకరు గానీ చేసిన పని నేరం కాదనేది. బెత్తం పట్టిన చేతికి అది చాలాకాలం అండగా నిలిచింది. చివరకు 2002 ఫిబ్రవరి 18న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 16తో విద్యా నియమావళిలోని 122వ నిబంధనను సవరించి, బడిలో పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో మానసిక వేధింపునూ చేర్చింది.

అయితే 17వ సెక్షన్ దాటినవారిపై సర్వీసు నిబంధనల ప్రకారం చర్య తీసుకోవాలని ఉంది. అంటే ప్రధానంగా అది సిబ్బందిని అదుపు చేసేది. పైగా ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకే. పక్క మంచం మీది సీనియర్ చేతిలో నలిగే ఇంటర్ కుర్రాడికి దాన్నుంచి దక్కేది తక్కువ.

ఆ లోటు తీర్చే చట్టం కాలేజీల వైపు నుంచి వచ్చింది. 1996 నవంబరులో చిదంబరంలోని అన్నామలై విశ్వవిద్యాలయంలో ఒక వైద్య విద్యార్థి సీనియర్ చేతిలో హత్యకు గురయ్యాడు. తమిళనాడు 1997లో ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చింది. అదే ఏడాది మన శాసనసభ 26వ నంబరు చట్టం చేసింది. జనం దాన్ని ఇంజినీరింగ్, మెడికల్ కాలేజీల చట్టంగానే గుర్తుపెట్టుకున్నారు. కానీ అందులో విద్యాసంస్థ అంటే కాలేజీ ఒక్కటే కాదు. పేరేదైనా చదువు చెప్పే ప్రతి సంస్థా, హాస్టలూ, అనాథాశ్రమమూ, ట్యుటోరియలూ దాని కిందికి వస్తాయి. నిషేధం ఆవరణ లోపలా, బయటా వర్తిస్తుంది. అవమానం, చికాకు, భయం, బెదిరింపు కలిగించే పని ఏదైనా ర్యాగింగే. చిన్నవాడి చేత బట్టలు ఉతికించుకోవడం, రికార్డు రాయించుకోవడం, అమ్మ కట్టిచ్చిన సున్నుండల డబ్బా బెదిరించి లాక్కోవడం, కులం పేరుతోనో ఒంటి రంగు పేరుతోనో పిలిచి నవ్వడం చట్టం దృష్టిలో చిలిపి పనులు కావు.

శిక్షలు ఆరు నెలల జైలుతో మొదలై, ప్రాణం పోతే యావజ్జీవం దాకా ఉన్నాయి. కానీ పద్దెనిమిదేళ్ళు నిండనివాడు వెళ్ళేది బాలల న్యాయమండలి ముందుకే. అది న్యాయం కూడా, ఏడిపించేవాడూ పిల్లాడే కదా! అందుకే బడి విషయంలో ఈ చట్టానికి అసలు బలం జైలుశిక్షలో లేదు, సంస్థ అధిపతి మీద పెట్టిన బాధ్యతలో ఉంది. ఫిర్యాదు అందిన వెంటనే విచారణ జరపాలి. ప్రాథమికంగా నిజమని తేలితే బాధ్యుల్ని సస్పెండ్ చేయాలి. పట్టించుకోకపోతే ఆ నేరాన్ని ప్రోత్సహించినట్టే లెక్క, ఆయనకూ శిక్ష తప్పదు.

ప్రాణం పోయాక చట్టం ఎంత నిస్సహాయమో కృష్ణకు అవతలి ఒడ్డున చూశాం. 2015 జులైలో నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ మొదటి సంవత్సరం విద్యార్థిని ఆత్మహత్య చేసుకుంది. ర్యాగింగ్ ఆరోపణలపై రాష్ట్రమంతా కదిలింది, ప్రభుత్వం కమిటీ వేసింది. తొమ్మిదేళ్ళ తర్వాత, 2024 నవంబరులో గుంటూరు కోర్టు ఆ కేసును కొట్టేసింది.

విశాఖలో నీట్ కోచింగ్‌కు చేరి 2023లో మరణించిన పదిహేడేళ్ళ బాలిక కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం దేశంలోని బడులు, కోచింగ్ కేంద్రాలు, హాస్టళ్ళన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, ఆపైన విద్యార్థులుంటే కౌన్సెలర్ ఉండాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లుగా విడదీయకూడదు, నలుగురిలో చిన్నబుచ్చకూడదు. ర్యాగింగ్, వేధింపులపై గోప్యంగా ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలి. చట్టం వచ్చేదాకా ఇవే శిరోధార్యం.

కాబట్టి అమ్మానాన్నలూ, పిల్లాడు నోరు విప్పిన రోజున 'సర్దుకుపోరా' అనకండి. ప్రిన్సిపాల్‌కు కాగితం మీద రాసివ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. అవసరమైతే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి. నోటిమాటగా చెప్పింది గాలికి పోతుంది. రాతపూర్వకంగా ఇచ్చిన ఫిర్యాదు విచారణ జరపక తప్పని బాధ్యతను ప్రిన్సిపాల్ చేతిలో పెడుతుంది.