ఆటగాని వెల

చెడుగుడును గుఱించి ఉపన్యాసమేమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. కావ్యములు చెప్పవలసిన పంతులు పిల్లల యాటను పట్టుకొనెనేమని మఱికొంద రనవచ్చును. కాని మన నల్లగొండ, పాలమూరు సీమలలో సాయంకాలము రచ్చబండ కడకు పోయినచో, వాన మాటయు పత్తి ధర మాటయు ముగిసిన వెనుక తఱచుగా ఈ యాట మాటయే వినబడును. ఏ జట్టు ఎవనిని విడిచినది, ఎవనిని ఎన్ని లక్షలకు కొన్నది, రాబోవు వేలములో ఎవడు ఎచటికి పోవును అని వాదించువారిలో తల నెఱిసినవారును తక్కువగా లేరు.

అట్టి చోట నేను విన్న యొక మాట చెప్పెదను. "రెండున్నర కోట్లు వెట్టి ఒక్కన్ని గొన్నరు. గా పైసలతోని ఊరూరికి ఒక బరి గీస్తే ఎంతమంది పోరగాండ్లు తయారయ్యేటోళ్లు!" అని యొక రైతు నిట్టూర్చెను. ప్రక్కనున్న వృద్ధుడు, "దమ్మున్నోనికి ధర పలకకుంటే ఇంకెవనికి పలుకుతదే తమ్మీ?" అని యడిగెను. ఈ ప్రశ్న చిన్నది కాదు. ఆటగానికి వెల యెట్లు కట్టుదురు? కట్టిన వెల యాటను గెలిపించునా? మన దేశమున ఆ వెల కాలక్రమమున ఏయే రూపములు దాల్చెనో చూచిన గాని దీనికి సమాధానము దొరకదు.

చెడుగుడు ఒక్క తెలుగువారి సొత్తు కాదు. మరాటీలు దీనిని హుతుతు అందురు. తమిళులు సడుగుడు అందురు. వంగదేశమున హాడుడు అని పేరు. ఆడు తీరులు పూర్వము మూడు. సంజీవనియందు ఎదుటి పక్షమున నొకడు చచ్చినచో మన పక్షమున చచ్చినవాడొకడు లేచి బరిలోనికి వచ్చును. గామినియందు చచ్చినవాడు జట్టంతయు చచ్చువఱకు వెలుపలనే కూర్చుండవలెను. అమరమను తీరులో తాకబడినవాడు బరి విడువడు. ఎదుటివారికి లెక్క మాత్రము చేరును. నేడు దేశమంతట ఆడుచున్న కబడ్డీ సంజీవని సంతతికి చెందినది. ఈ పేర్లు పెట్టినవారెవరో గాని, వారికి కొంత సంస్కృతము వచ్చునని నా నమ్మకము.

మన యెఱ్ఱచెలకలలో కోతలు ముగిసిన వెనుక కాలిమడమతో గీత గీచినచో బరి సిద్ధమగును. గడియారముతో పని లేదు. కూత తెగువఱకే కాలము, ఊపిరియే కొలత. నేటి పోటీలలో ఒక్కొక్క కూతకు 30 సెకండ్లు గడువు విధించినారు. కూత నేటికిని ఉన్నది గాని, కాలమును కొలుచు పని ఊపిరినుండి యంత్రమునకు పోయినది. ఆనాటి కూతగానికి దక్కిన ప్రతిఫలమేమి? ఒక కొబ్బరికాయ, మీదుమిక్కిలి యొక తలపాగా, పదియూళ్లలో పేరు. అది వెల కాదు, మన్నన. ఇట్టి మన్ననకు మన సీమలో పెద్ద సంప్రదాయము కలదు. గద్వాల సంస్థానమునకు విద్వద్గద్వాల యను బిరుదు ఊరక వచ్చినది కాదు. దేశదేశముల పండితులు అచటికి పోయి, సభలో తమ విద్య చూపి, వార్షికములు పొందెడివారు. పండితునికి వెల కట్టుట యనిన తప్పుగా తోచును గాని, ఎవనికెన్ని రూప్యము లిచ్చిరో లెక్కించి తారతమ్యము లెంచుకొనుట మా తెగవారికిని బాగుగ తెలిసిన విద్యయే. కావున ఆటగాండ్ర వేలమును చూచి ముక్కు విఱుచుటకు మాకు అధికారము లేదు.

ఆటచే ఇల్లు గడచుట మనకు ముందుగా కనబడినది చెడుగుడులో గాక హైదరాబాదు నగరపు కాలిబంతిలో. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచెను. వారిని తీర్చిన సయ్యద్ అబ్దుల్ రహీముగారు వృత్తిచే బడిపంతులు. ఆ మాట చెప్పునపుడు నా గొంతు కొంచెము హెచ్చినచో మన్నింపుడు. ఆ యాటగాండ్రకు జీతము వేఱుగా లేదు. పోలీసు కొలువే జీతము. ఒక చిత్రము చూడుడు: 1951 అక్టోబరులో సాయుధపోరాటము విరమింపబడు దనుక నల్లగొండ పల్లెలలో పోలీసనగానే జనులు తలుపులు మూసికొనెడివారు. ఆ కాలముననే ఆ పేరుగల జట్టు బొంబాయిలో గెలిచి హైదరాబాదునకు కీర్తి తెచ్చుచుండెను.

కొలువుకన్న నెక్కువ యిచ్చువారు కలకత్తాలో నుండిరి. సికింద్రాబాదు చేరువనున్న అమ్ముగూడలో 1936 లో పుట్టిన తులసీదాసు బలరాము 1956 లో మెల్బోర్ను ఒలింపిక్సునకు పోయెను. అచట మన జట్టు నాల్గవ స్థానము పొందెను. మఱుసటి యేడు 1957 లో ఆయన ఈస్టు బెంగాలు జట్టున చేరెను. పేరునకు అందఱును వేతనము లేని యాటగాండ్రే. లోపల జరుగునది లోపల జరుగుచుండెడిది. జట్లు మారు ఋతువు వచ్చినచో, ప్రత్యర్థులు ఎత్తుకొనిపోకుండ ఆటగాండ్రను ఇండ్లలో దాచి కాపలా పెట్టెడివారని కలకత్తావారు నేటికిని కథలు కథలుగా చెప్పుకొందురు. వదంతులు నేడు పుట్టినవి కావు.

రహీముగారి వ్యూహమునకు ఒక్క ఉదాహరణము చాలును. 1962 లో జకార్తా ఆసియా క్రీడలయందు రక్షకుడైన జర్నేల్ సింగు తలకు గాయమై కుట్లు పడినవి. ఆ గాయముతో వెనుక నిలిచి కాపాడుట కష్టము. రహీముగారు అతనిని ఇంట కూర్చుండబెట్టలేదు, ముందు వరుసకు పంపిరి. సెమీఫైనలునందును, దక్షిణ కొరియాపై 2-1 తో గెలిచిన ఫైనలునందును అతడు గోలు కొట్టెను. అప్పటికే రహీముగారిని ఊపిరితిత్తుల వ్యాధి పీడించుచుండెను. 1963 లో వారు గతించిరి. ఆటగాని విలువ వానియందు మాత్రమే లేదు, వానిని నిలిపిన చోటునందును కలదని ఆ పంతులు ఎఱుగును.

మరల చెడుగుడునకు వత్తము. బేరారు దేశపు అమరావతినుండి, మన అమరావతి కాదు సుమా, హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు 1936 లో బెర్లిను ఒలింపిక్సు సమయమున ఈ యాటను ప్రదర్శించిరి. 1950 లో అఖిల భారత సమాఖ్య యేర్పడెను. 1990 లో బీజింగు ఆసియా క్రీడలలో పతకముల యాటగా స్థానము దొరకెను. ఈ కాలమంతటను కబడ్డీ ఆటగాని వెల కొలువే: రైల్వే, పోలీసు, సైన్యము. కన్నడదేశపు మమతా పూజారి 2010, 2014 ఆసియా క్రీడలలో పసిడి గెలిచిన జట్లలో ఆడెను. ఆమెకు అన్నము పెట్టినది సికింద్రాబాదు కేంద్రముగా గల దక్షిణ మధ్య రైల్వే.

2014 లో ఎనిమిది జట్లతో ప్రో కబడ్డీ పోటీలు మొదలు కాగా వేలము వచ్చినది. మొదటి యేడు అందఱికంటె హెచ్చు ధర పలికినది రాకేశ్ కుమారునకు: 12 లక్షల 80 వేలు. నాలుగేండ్లు గడచునప్పటికి, 2018 లో, మోనూ గోయతుకు 1 కోటి 51 లక్షలు. మన పేరు పెట్టుకొన్న తెలుగు టైటాన్సు జట్టు ఆ యేడు రాహుల్ చౌదరికి 1 కోటి 29 లక్షలును, 2019 లో సిద్ధార్థ దేశాయికి 1 కోటి 45 లక్షలును, 2023 లో పవన్ సెహ్రావతుకు 2 కోట్ల 60 లక్షల 50 వేలును ఇచ్చెను.

మనుష్యుని వేలము వేయుట యను మాట నా చెవికి నేటికిని కటువుగనే యున్నది. చింతచెట్లకు, చెరువు చేపలకు, కల్లు గుత్తకు వేలము ఎఱుగుదుము. మనుష్యునికి వెల కట్టిన కాలమునుగూడ ఎఱుగుదుము. తండ్రి చేసిన అప్పునకు కొడుకు దొర యింట భాగేలాగా పనిచేసిన తరములు నల్లగొండలో గడచినవి. కాని రెంటికిని భేదము కలదని న్యాయముగా చెప్పవలెను. భాగేలా వెల దొర చిట్టాలో ఉండెడిది. కూతగాని వెల కూతగాని చేతికి వచ్చును. ఏ యూరికి పోవలెనో మాత్రము నిర్ణయించువాడు పాడుకొనినవాడే.

ఇపుడు వ్యూహమునకు, వెలకు గల సంబంధము చూతము. పక్షమునకు ఏడుగురు. రెండు కూతలు లెక్క లేకుండ తిరిగివచ్చినచో మూడవది చావో బ్రతుకో. లెక్క తేకున్న కూతగాడు చచ్చినట్లే. పట్టువారు ముగ్గురో అంతకు తక్కువో మిగిలినపుడు కూతగానిని పట్టినచో ఒకటికి రెండు లెక్కలు. జట్టంతయు చచ్చినచో ఎదుటివారికి మఱి రెండు అదనము. అందుచే తెలివిగల జట్టు రెండు వట్టి కూతలు కావలెననియే కూసి, శత్రువును ఓపిక కోల్పోవునట్లు చేయును. రచ్చబండపై యువకులు దీనిని పిఱికితన మందురు. నేను అట్లనను. కూతగాడు ఒంటరిగా పోవును. పట్టు మాత్రము ఒకని చేత కాదు. మూలనున్నవాడు చీలమండ పట్టునంతలో, చేయి చేయి పట్టిన గొలుసు మూసికొనవలెను. అర క్షణము తడబడినచో గొలుసు తెగును.

2023 లో ప్రతి జట్టునకును వ్యయపరిమితి 5 కోట్లు. అందు సగమునకు మించి తెలుగు టైటాన్సు ఒక్క పవనునకే ఇచ్చెను. అతడు మోసము చేయలేదు. ఆ పోటీలో రెండువందలకు పైగా లెక్కలు తెచ్చెను. అయినను జట్టు 22 ఆటలలో 2 మాత్రమే గెలిచి అట్టడుగున నిలిచెను. అతడు తెచ్చిన లెక్కలు తెచ్చినట్లే పట్టువారి చేతులలోనుండి జారిపోయెను. 2024 మార్చి 1 వ తేదీన ఫైనలు మన హైదరాబాదు గచ్చిబౌలిలోనే జరిగెను. ఆడినవారు పూనావారు, హర్యానావారు. పూనా 28-25 తో గెలిచెను.

ఇచట మొదట చెప్పిన రైతు చప్పట్లు కొట్టును గాని, కొంచెమాగవలెను. గెలిచిన పూనా జట్టునుగూడ అదే యేడు ఇరానీయుడైన మొహమ్మద్ రెజా షాద్లూయికి 2 కోట్ల 35 లక్షలు పెట్టెను. అదియు సగమునకు దగ్గఱయే. మఱి వారెట్లు గెలిచిరి? షాద్లూయి పట్టుగాడు. అంతకుమించి, అస్లం ఇనాందారు, మోహిత్ గోయతు మున్నగు పడుచువారిని ఆ జట్టు చిన్ననాటనే చేరదీసి పెంచుకొన్నది. కొన్న యెద్దును ఇంటి యెడ్లతో కట్టినచో అరక సాగును. ఒంటియెద్దు ఎంత మేలుజాతిదైనను మెడ వంచుకొని నిలుచును. 2025 లో పవనును తమిళ జట్టు 59 లక్షల 50 వేలకు పాడుకొనెను. రెండేండ్లలో ఒక మనుష్యుని వెల నాల్గవ వంతునకు దిగినది. వాని ఊపిరి అంత తగ్గినదని ఎవరనగలరు? ఆ యేడే విజయ్ మలిక్ నాయకత్వమున టైటాన్సు, ఫైనలునకు ముందటి మెట్టువఱకు పోయి, పూనా చేతిలో ఓడిరి.

వేలమునకు ముందు వదంతులు ప్రబలుటకు కారణము ఒక నిబంధన. పరాయి జట్టు తుది పాట పాడిన పిదపను, పాత జట్టు అదే ధర యిచ్చి తనవానిని నిలుపుకొనవచ్చును. భూమి అమ్మునపుడు పాలివానిని ముందడుగు మన పల్లె మర్యాదవంటిది. కావున ఎవడు పోవునో, ఎవడు మిగులునో సుత్తి పడువఱకు బ్రహ్మకును తెలియదు. అంతవఱకు రచ్చబండపై అందఱును బ్రహ్మలే.

నాకు కలుగు చింత వేఱు. పైన చెప్పిన పేర్లు మరల వినుడు. రాహుల్ చౌదరిది ఉత్తర ప్రదేశము, సిద్ధార్థ దేశాయిది మహారాష్ట్రము, పవనుది ఢిల్లీ, విజయ్ మలికుది హర్యానా. జట్టు పేరు మాత్రమే తెలుగు. పాలమూరు కూలీలు దేశమందలి ఆనకట్టలు కట్టిరి, బొంబాయి మేడలు లేపిరి. ఊపిరికి, ఒడలి బలిమికి కొఱత యున్నదని ఎవరును అనజాలరు. కాని తలిదండ్రుల వెంట పనితావునుండి పనితావునకు తిరుగు పిల్లవానికి బరి యెక్కడ? హర్యానాలో పతకము తెచ్చినవానికి సర్కారు కొలువు దొరకునను ఆశ కలదు. ఆ యాశ పల్లె పల్లెకు పాకినది. విద్య పరదేశమునకును పోవును. నాసిక్ నగరపు శైలజా జైను ఇరాను స్త్రీలకు నేర్పగా, 2018 లో జకార్తాలో వారు మన స్త్రీలనే ఫైనలులో 27-24 తో ఓడించిరి.

నేటి పోటీలు మట్టిపై జరుగవు. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల మెత్తని పఱుపుపై, కాళ్లకు బూట్లు తొడిగి ఆడుదురు. చెలకలో ఉత్తకాళ్లతో ఎదిగిన పిల్లవాడు మొదటిసారి దానిపై నిలిచినపుడు వాని అడుగు జాఱదు, అతుకుకొనును. మడమ త్రిప్పుటకు బోయి మోకాలు త్రిప్పుకొనును. అడుగు మరల నేర్వవలసివచ్చును. అట్టి పఱుపు మీ మండలమున ఏ బడిలో నున్నదో, లేనిచో ఎందులకు లేదో, ఈసారి గ్రామసభలో మీరే అడిగి చూడుడు.