యంత్రమునకు నిద్ర నేర్పిన కథ

పెద్దలారా, మీ మనుమలు ఒడిలో పెట్టుకొని వ్రాసికొను ల్యాప్‌టాపును మీరు చూచియే యుందురు. కరెంటు పోయిన రాత్రి దానికి బ్యాటరీయే దిక్కు. ఆ బ్యాటరీని పొదుపు చేయు పెత్తనము యంత్రములో ఎవరి చేత నుండవలెనను ప్రశ్నకొక చరిత్ర కలదు. దానిని నేడు మనవి చేసెదను.

1992లో ఇంటెల్, మైక్రోసాఫ్టు సంస్థలు ఏ.పి.ఎం. అను పద్ధతిని వెలువరించినవి. అందు పెత్తనము చాలవరకు బయాస్‌ది. బయాస్ అనగా యంత్రమును తయారు చేయునపుడే అందు నాటిన చిన్న ప్రోగ్రాము. కొంతసేపు మీటలు కదలకున్నచో, పని లేదని తలచి అది యంత్రమును నిద్రపుచ్చెడిది. ఎదుట కూర్చున్నవాడు చదువుచున్నాడో, లోపల పెద్ద లెక్క నడుచుచున్నదో దానికి తెలియదు. పొలము మొగము చూడక చెరువు తూము మూసివేయు నీరుగంటి వంటిది.

ఏ పని నడుచుచున్నదో, ఏది ఆగినదో ఎరిగినది ఆపరేటింగ్ సిస్టము. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్టు, తోషీబా కలిసి వెలువరించిన ఏ.సి.పి.ఐ. పద్ధతి ఆ పెత్తనమును దాని చేతికిచ్చెను. పిమ్మట 2000లో వచ్చిన ఇంటెల్ స్పీడ్‌స్టెప్, బ్యాటరీపై నడుచునపుడు ప్రాసెసరు వేగమును, ఓల్టేజిని తగ్గించెను.

అయినను ఒక దుబారా మిగిలియుండెను. పని ఉన్నను లేకున్నను, లోపలి గడియారము ప్రాసెసరును సెకనునకు వందల మారులు తట్టి లేపుచుండెడిది. గంట కొట్టి కొట్టి తలారిని రాత్రియంతయు మేలుకొలిపి, తెల్లవారిన పిదప వాడు అలసెనని వగచుట ఎట్టిదో ఇదియు నట్టిదే! 2007లో లినక్సు 2.6.21వ కూర్పు, ప్రాసెసరు ఖాళీగా నున్నపుడు ఇట్లు తట్టుట మానెను. ఆ యేటనే ఇంటెల్ వారి పవర్‌టాప్ అను సాధనము, ప్రాసెసరును ఊరక లేపుచున్న ప్రోగ్రాములను పేరు పేరున పట్టి చూపెను. 2013లో ఆపిల్ వారి మావెరిక్స్ సిస్టము, వేర్వేరు వేళల లేపెడి చిన్న పనులను ఒక్క మారే జరుగునట్లు కూర్చి, నడుమ నిద్రను పొడిగించెను. వేగము తగ్గించుట కంటె ఈ నిద్రను కాపాడుటయే ఘనమైన మెట్టని నా అభిప్రాయము.

సెట్టింగులలో నేను మొదట చూచునది తెర వెలుగు. ఖర్చులో పెద్ద పాలు తరచుగా దానిదే. తరువాత నిద్ర గడువు. స్లీప్ అను నిద్రలో కూడ మెమొరీని నిలుపుటకు కొంత కరెంటు కావలెను. హైబర్నేట్ అను గాఢనిద్రలో మెమొరీ యంతయు డిస్కుపై వ్రాయబడును గనుక, లేచుట ఆలస్యమైనను వ్యయము దాదాపు శూన్యము. కరెంటు ఎప్పుడు వచ్చునో తెలియని రాత్రి మనుమనిచేత దీనినే పెట్టింపుడు.