మాడిసన్ మాస్టార్లు రాసిన పింఛను చట్టం

1934 డిసెంబరు చివరి రోజులు. వాషింగ్టన్‌లో అమెరికా కార్మిక మంత్రి ఫ్రాన్సిస్ పెర్కిన్స్ తన ఇంట్లో భోజనాల బల్ల మీద పెద్ద స్కాచ్ సీసా పెట్టించారు. ఫోన్ తీసేయించారు. చుట్టూ కూర్చున్న కమిటీ సభ్యులతో పని తేలేదాకా ఎవరూ లేవడానికి వీల్లేదన్నారు. తర్వాతి కాలంలో ఆమే స్వయంగా చెప్పిన ముచ్చట ఇది. తేలాల్సినవి చిన్న విషయాలు కావు. వయసుడిగినవాళ్లకు పింఛను ఎలా ఇవ్వాలి? పని పోయినవాళ్లకు భృతి ఎవరు కట్టాలి? ఆ డబ్బు ఎక్కడి నుంచి రావాలి? అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పెట్టిన డిసెంబరు 1 గడువు అప్పటికే దాటిపోయింది.

ఆ చర్చకు సరుకంతా సమకూర్చింది విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆర్థికశాస్త్ర ఆచార్యుడు ఎడ్విన్ విట్టీ. ఆ ఆర్థిక భద్రతా కమిటీకి ఆయనే ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్. జూలై ఆఖరులో మాడిసన్ నగరం నుంచి వచ్చి పనిలో దిగారు. సహాయకుడిగా అప్పుడే డిగ్రీ చేతికొచ్చిన 21 ఏళ్ల విల్బర్ కోయెన్‌ను తీసుకున్నారు. కమిటీ సాంకేతిక మండలికి అధ్యక్షుడు ఆర్థర్ ఆల్ట్‌మైయర్. ఆయనా విస్కాన్సిన్‌లో పీహెచ్‌డీ చేసినవారే.

దేశం మొత్తానికి వర్తించే చట్టం ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలోని ఒకే శాఖ మనుషుల చేతిలో పడటం కాకతాళీయం కాదు. ముప్పై ఏళ్లుగా ఆ శాఖకు అదే పని: ఒక ఆలోచనను సెక్షన్లుగా, క్లాజులుగా విడగొట్టి చట్టసభలో నెగ్గేలా, కోర్టులో నిలిచేలా రాయడం. వాళ్ల బలం అదే. నెగ్గించడం కోసం ఎవరెవరిని వదిలేశారో చూస్తే, వాళ్ల బలహీనతా అక్కడే బయటపడుతుంది.

కామన్స్ బడి

ఈ కథకు మూలపురుషుడు జాన్ కామన్స్. 1862లో ఒహాయోలో పుట్టారు. సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో ఆయన భావాలు గిట్టక 1899లో ఆయన పదవినే రద్దు చేశారు. ఐదేళ్లు ఆ పనీ ఈ పనీ చేస్తూ గడిపాక, గురువు రిచర్డ్ ఈలీ పిలుపు మీద 1904లో మాడిసన్ చేరారు. ఆ ఊళ్లో స్టేట్ స్ట్రీట్‌కు ఒక కొసన శాసనసభ, మరో కొసన విశ్వవిద్యాలయం. మధ్య దూరం మైలుకు అటూ ఇటూ. గవర్నర్ రాబర్ట్ లాఫాలెట్ ఆ దూరాన్ని ఇంకా తగ్గించారు. బిల్లు రాయాల్సి వస్తే ప్రొఫెసర్లకు కబురు వెళ్లేది. 1905లో ప్రభుత్వోద్యోగాలను సిఫార్సుల చెర నుంచి తప్పించిన చట్టం, 1907లో విద్యుత్తు, గ్యాస్ వంటి సంస్థల చార్జీలను నియంత్రించిన చట్టం, రెండూ కామన్స్ కలం నుంచి వచ్చినవే.

ఆయన పద్ధతి తెలియాలంటే 1911 నాటి కార్మిక పరిహార చట్టాన్ని చూడాలి. అంతకుముందు యంత్రంలో చేయి పోయిన కార్మికుడు కోర్టుకెక్కి, తప్పు యజమానిదేనని తానే రుజువు చేసుకోవాలి. యజమాని తరఫు వకీలు దగ్గర మూడు జవాబులు సిద్ధంగా ఉండేవి. నీ అజాగ్రత్త వల్లే జరిగింది, నీ తోటి కూలీ వల్ల జరిగింది, ప్రమాదమని తెలిసే పనిలో చేరావు. కొత్త చట్టం తప్పెవరిదన్న ప్రశ్ననే పక్కన పెట్టింది. చట్టం కిందికి వచ్చిన యజమాని, దెబ్బ తగిలితే పరిహారం ఇచ్చి తీరాల్సిందే. ప్రమాదాలు పెరిగితే యజమాని కట్టే బీమా సొమ్మూ పెరుగుతుంది. దాంతో వేళ్లు తెగనివ్వడం కన్నా యంత్రానికి కంచె వేయించడం చవక అని యజమానికే లెక్క తేలింది. మంచితనం మీద ఆధారపడకుండా, మంచిపని చేస్తే లాభం ఉండేలా నిబంధన రాయడం కామన్స్ శిష్యులకు నేర్పిన మొదటి పాఠం.

అదే తర్కాన్ని ఆయన నిరుద్యోగానికీ పట్టించారు. ఇష్టమొచ్చినప్పుడు కూలీలను తీసేసే యజమాని ఆ ఖర్చు తానే భరించాలి. 1921లో ఆ బిల్లు విస్కాన్సిన్ సభకు వచ్చింది. ఓడింది. ఆ దశాబ్దమంతా వస్తూనే ఉంది, ఓడుతూనే ఉంది. చివరికి మహా మాంద్యం నడుమ, 1932 జనవరిలో, కామన్స్ శిష్యుడూ శాసనసభ్యుడూ అయిన ఆర్థికవేత్త హెరాల్డ్ గ్రోవ్స్ పేరు మీద నెగ్గింది. దేశంలో మొదటి నిరుద్యోగ భృతి చట్టం అదే. దాని కింద మొదటి చెక్కు 1936 ఆగస్టులో మాడిసన్‌లో ఇచ్చారు. మొత్తం 15 డాలర్లు. బిల్లు రాయడంలో చేయి వేసిన ఆర్థికవేత్త పాల్ రాషెన్‌బుష్ ఆ కాగితం చరిత్ర అవుతుందని గుర్తించి, అందుకున్న మనిషికి 25 డాలర్లిచ్చి కొనుక్కున్నారు.

డాక్టరు గారి 200 డాలర్లు

విట్టీ వాషింగ్టన్‌లో పని చేస్తుండగానే దేశమంతా మరో పథకం మోగసాగింది. కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో ఫ్రాన్సిస్ టౌన్సెండ్ అనే వృద్ధ వైద్యుడు 1933 సెప్టెంబరులో స్థానిక పత్రికకు ఒక ఉత్తరం రాశారు. అరవై దాటిన ప్రతి మనిషికీ నెలకు 200 డాలర్లు ఇవ్వాలి, ఆ డబ్బు నెల తిరక్కుండా ఖర్చు పెట్టేయాలి. ఇదీ ఆయన ప్రతిపాదన పాకాన పడ్డాక తేలిన రూపం. ఊరూరా టౌన్సెండ్ సంఘాలు వెలిశాయి. కాంగ్రెస్ సభ్యులకు ఉత్తరాలు మూటల కొద్దీ వచ్చి పడ్డాయి. ఆర్థికవేత్తలు లెక్క కడితే జాతీయాదాయంలో దాదాపు సగం దానికే పోయేలా తేలింది. లెక్క తప్పయినా దాని వెనకున్న ఆకలి నిజమని విట్టీ బృందానికి తెలుసు. మాంద్యంలో బ్యాంకులు మూతపడి జీవితకాలపు దాపుడు సొమ్ము పోగొట్టుకున్న ముసలివాళ్లు లక్షల్లో ఉన్నారు. ఏదో ఒకటి చేయకపోతే టౌన్సెండ్ బిల్లే నెగ్గేలా ఉంది. ఆ భయం కమిటీకి చేసిన మేలు తక్కువేం కాదు.

తేనీటి విందులో సలహా

అసలు చిక్కు రాజ్యాంగంతో వచ్చింది. కేంద్రం ఇలాంటి పథకం పెడితే సుప్రీంకోర్టు కొట్టేస్తుందేమోనని అందరికీ భయం. దారి చూపింది ఇద్దరు న్యాయమూర్తులు, అదీ ఇళ్లలో జరిగిన కబుర్లలో. పాల్ రాషెన్‌బుష్ భార్య ఎలిజబెత్ బ్రాండైస్ కూడా విస్కాన్సిన్ ఆర్థికవేత్తే. ఆమె తండ్రి సుప్రీంకోర్టు న్యాయమూర్తి లూయీ బ్రాండైస్. ఫ్లోరిడాకు సంబంధించిన పాత వారసత్వ పన్ను కేసు చూడమని ఆయన 1933లో కూతురికీ అల్లుడికీ చెప్పారు. ఆ కేసులోని పద్ధతిని నిరుద్యోగ భృతికి అన్వయిస్తే ఇలా ఉంటుంది: కేంద్రం యజమానులందరి మీదా పన్ను వేస్తుంది. రాష్ట్రంలో భృతి చట్టం ఉంటే ఆ పన్నులో అధిక భాగం మాఫీ చేస్తుంది. అప్పుడు ఏ రాష్ట్రమూ వెనకబడి ఉండాలనుకోదు. మరో న్యాయమూర్తి హార్లన్ స్టోన్ ఒక తేనీటి విందులో పెర్కిన్స్ చెవిలో, కేంద్రానికున్న పన్ను అధికారమే మీకు చాలునని ఊదారు. 1937 మే 24న సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది కూడా ఆ దారిలోనే.

వృద్ధాప్య బీమా మాత్రం పూర్తిగా మాడిసన్ సరుకు కాదు. దాన్ని కట్టింది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ న్యాయశాస్త్ర ఆచార్యురాలు బార్బరా ఆర్మ్‌స్ట్రాంగ్, ప్రిన్స్‌టన్ ఆర్థికవేత్త డగ్లస్ బ్రౌన్, మరికొందరు. రాష్ట్రాలకు వదలకుండా దేశమంతటికీ ఒకే బీమా ఉండాలన్నది వాళ్ల పట్టు. విట్టీకి రాష్ట్రాల మీద మొగ్గు ఎక్కువ. ఆయన మరీ మెత్తగా, మరీ ఆచితూచి నడుస్తున్నారని ఆర్మ్‌స్ట్రాంగ్ మండిపడేవారు. పింఛను వరకు చివరికి ఆమె పక్షమే గెలిచింది. ఇవాళ అమెరికాలో సోషల్ సెక్యూరిటీ అని జనం పిలుచుకునేది ఆ భాగాన్నే.

డబ్బు దగ్గర చివరి నిమిషంలో మెలిక పడింది. కమిటీ లెక్క ప్రకారం 1965 నుంచి ఖజానా కొంత సొమ్ము కలపాలి. ఆ పట్టిక కంటపడగానే రూజ్‌వెల్ట్ కుదరదన్నారు. ఉద్యోగీ యజమానీ కట్టే సొమ్ముతోనే పథకం నడవాలన్నారు. నివేదికను ఆఖరి గడియల్లో మార్చాల్సి వచ్చింది. చందా కట్టినవాడు పింఛనును హక్కుగా అడుగుతాడు, అప్పుడు ఏ రాజకీయ నాయకుడూ దాన్ని రద్దు చేయలేడు అన్నది ఆయన ధీమా. 1935 ఆగస్టు 14న సంతకం పెట్టారు. 1937 నుంచి జీతంలో మొదటి 3,000 డాలర్ల మీద ఉద్యోగి 1 శాతం, యజమాని 1 శాతం కట్టడం మొదలైంది.

గీత బయట మిగిలినవాళ్లు

కమిటీ తన నివేదికలో పొలం కూలీలనూ, ఇళ్లలో పనిచేసేవాళ్లనూ పింఛనులో చేర్చింది. ఆర్థిక మంత్రి హెన్రీ మోర్గెంతా కాంగ్రెస్ ముందుకొచ్చి, చెదురుమదురుగా ఉన్న ఇంతమంది దగ్గర పన్ను వసూలు చేయడం మావల్ల కాదన్నారు. సభాసంఘం వాళ్లను తీసేసింది. అది పాలనా సౌలభ్యం కోసమా, చవక కూలీ చేజారకూడదన్న దక్షిణాది సభ్యుల పట్టుదల వల్లా అని చరిత్రకారులు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఫలితం గురించి మాత్రం వాదం లేదు. నల్లజాతి శ్రామికుల్లో మూడింట రెండొంతుల మంది చట్టం బయటే ఉండిపోయారు. నల్లజాతి హక్కుల సంఘం తరఫున న్యాయవాది చార్లెస్ హ్యూస్టన్ సెనెట్ సంఘం ముందు నిలబడి, ఈ బిల్లు మావాళ్లు జారిపోయేటంత చిల్లులున్న జల్లెడ అన్నారు.

ఇంకో కత్తిరింపు అంతగా కంటికి ఆనలేదు. రాష్ట్రాలు పేద వృద్ధులకిచ్చే సాయం మర్యాదగా, ఆరోగ్యంగా బతకడానికి సరిపోవాలన్న షరతు మొదటి బిల్లులో ఉంది. ఎవరికి ఎంతివ్వాలో వాషింగ్టన్ మాకు చెప్పేదేంటని వర్జీనియా సెనెటర్ హ్యారీ బర్డ్ వంటివారు అడ్డం తిరిగారు. ఆ మాటలు కొట్టేశారు. ఏది నెగ్గుతుందో చూసుకుని రాయడమే విద్యగా నేర్చిన విట్టీ ఈ కోతలకు చట్టాన్ని ఆపలేదు. కామన్స్ బడికి ఇక్కడ చూపు మందగించడం వింతేమీ కాదు. కార్మికుల పక్షాన అంత రాసిన కామన్సే 1907లో జాతుల మీద రాసిన పుస్తకంలో నల్లజాతివారి గురించి, వలసవచ్చినవారి గురించి ఆ కాలపు చిన్నచూపునంతా నింపారు.

22 డాలర్ల 54 సెంట్లు

1940 జనవరి 31 తేదీతో మొదటి నెలవారీ పింఛను చెక్కు వెర్మాంట్ రాష్ట్రంలోని లడ్లో అనే చిన్న ఊరికి వెళ్లింది. అందుకున్నది న్యాయవాదుల కార్యాలయంలో పనిచేసి విరమించిన ఐడా మే ఫుల్లర్. మొత్తం 22 డాలర్ల 54 సెంట్లు. టౌన్సెండ్ అడిగినదాంట్లో దాదాపు తొమ్మిదో వంతు. మూడేళ్లలో ఆమె జీతంలోంచి కట్టింది 24 డాలర్ల 75 సెంట్లు. వందేళ్లు బతికి 1975లో పోయేనాటికి ఆమెకు 22,000 డాలర్లకు పైగా ముట్టింది.

చట్టాన్ని నడిపించే బాధ్యత 1953 దాకా ఆల్ట్‌మైయర్ మోశారు. మినహాయింపుల మరమ్మతు మెల్లగా సాగింది. ఇళ్లలో, పొలాల్లో నికరంగా పనిచేసేవాళ్లకు 1950లో, మరికొందరికి 1954లో చోటు దొరికింది. 1965లో వృద్ధుల వైద్య బీమా మెడికేర్‌ను నెగ్గించడంలో ముందున్నది కోయెన్. విట్టీ వెంట పనిచేసిన ఆ కుర్రాడే 1968లో మంత్రి అయ్యారు. 1959లో అమెరికా వృద్ధుల్లో 35 శాతం పేదరికంలో ఉండేవారు. ఇప్పుడది 10 శాతం దరిదాపుల్లో ఉంది.

విట్టీ శిష్యుల్లో రాబర్ట్ లాంప్‌మన్ మరో కొస పట్టుకున్నారు. పేదల సంగతి తెలియాలంటే సంపద ఎవరి దగ్గర పోగుపడుతోందో తెలియాలి. బతికున్న ధనికులు ఆస్తి వివరాలు చెప్పరు. చనిపోయాక వారసత్వ పన్ను కోసం చెప్పక తప్పదు. ఆ వయసులో నూటికి ఎంతమంది చనిపోతారో తెలుసు గనక, ఆ పత్రాల్లోని ఆస్తిని హెచ్చవేస్తే బతికున్నవాళ్ల సంపద అంచనాకు వస్తుంది. 1962లో ఆయన అచ్చువేసిన లెక్క ప్రకారం పైనున్న 1 శాతం మంది చేతిలో 1929లో 36 శాతం సంపద ఉండేది. 1949కి అది 21 శాతానికి దిగి, 1956కి 26కి మళ్లీ ఎక్కింది. అంతరాలు తమంతట తామే తగ్గిపోతాయన్న నమ్మకానికి ఆ చివరి అంకె గండి కొట్టింది. అధ్యక్షుడు జాన్సన్ ప్రభుత్వం పేదరికం మీద ప్రకటించిన యుద్ధానికి లాంప్‌మన్ రాతలు ఆధారమయ్యాయి. 1966లో మాడిసన్‌లోనే పేదరిక పరిశోధన సంస్థ వెలిసింది.

మనవాళ్ల పే స్లిప్

హెచ్-1బీ మీద డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పనిచేసే తెలుగు ఇంజినీరు జీతంలో ఇవాళ 6.2 శాతం ఈ పద్దు కిందే కోత పడుతుంది. యజమాని అంతే కలుపుతాడు. పింఛనుకు అర్హత రావాలంటే 40 క్రెడిట్లు కావాలి. ఏడాదికి నాలుగు మించి రావు, అంటే కనీసం పదేళ్ల ఉద్యోగం. గ్రీన్‌కార్డు దారిలో లేనివాళ్లకు హెచ్-1బీ గడువు మామూలుగా ఆరేళ్లు. ఆరేళ్లకు 24 క్రెడిట్లతో ఇంటికొచ్చినవాళ్లు కట్టింది అక్కడే ఉండిపోతుంది. రెండు దేశాల్లో చేసిన సర్వీసును కలిపి లెక్కించే ఒప్పందాలు అమెరికాకు ముప్పై దాకా దేశాలతో ఉన్నాయి. భారత్ ఎన్నేళ్లుగా అడుగుతున్నా ఆ జాబితాలో చేరలేదు.

పొలం కూలీకి జరిగినదానితో దీన్ని సమానం చేయలేం. అతనికి వేరే ఆసరా లేదు, మన ఇంజినీరుకు ఉంది. రెండిట్లోనూ కనిపించే సూత్రం మాత్రం ఒకటే. ఎవరికి పింఛను, ఎవరికి కాదు అన్నది ఉపన్యాసాల్లో తేలదు, అర్హత నిబంధన రాసే నాలుగు వాక్యాల్లో తేలుతుంది. ఆ వాక్యాలు రాయడం నేర్చుకున్నందుకే మాడిసన్ మాస్టార్లు కోట్లమందికి ముసలితనంలో కూడు పెట్టగలిగారు. ఇప్పటికి ఏది నెగ్గితే అది, మిగతాది తర్వాత సవరించుకుందాం అన్న వాళ్ల లెక్క చాలావరకు నిజమైంది కూడా. ఆ సవరణ రావడానికి పదిహేనేళ్లు పట్టింది. ఈలోగా 65 దాటిపోయి పని మానుకున్న కూలీకి 1950 నాటి చట్టం ఇచ్చిందేమీ లేదు. రాజీ పడ్డవాళ్లకు చరిత్రలో పేరు దక్కింది, ఆ రాజీ ఖర్చు భరించింది వేరేవాళ్లు.