మెరుపు దీపం - మంచి ఛాయాచిత్రం

ఛాయాగ్రహణ విద్య లోకానికి వెల్లడి అయినది 1839లో. అప్పటినుండి సుమారు అర్ధశతాబ్దం పాటు ఆ విద్య సూర్యుని చెప్పుచేతలలోనే మెలగినది. ప్రొద్దు వాలితే ఛాయాగ్రాహకుని పని ముగిసినట్టే. ఇంటి లోపలి చీకటి గదులు, గనులు, సొరంగాలు, రాత్రివేళ వీధులు అతనికి అందని లోకాలు. నేడు ప్రతివారి చేతిలోని టెలిఫోనులోను ఒక చిన్న దీపం వున్నది. మీట నొక్కితే మెరుపు మెరుస్తుంది, బొమ్మ పడుతుంది. కాని ఆ బొమ్మను చూచుకొన్నప్పుడు తరచు మనకు నిరాశే మిగులుతుంది. ముఖాలు సున్నం కొట్టినట్టు తెల్లగాను, వెనుక వున్నదంతా కాటుక పూసినట్టు నల్లగాను కనిపిస్తుంది. వెలుగుకు లోటు లేదు గదా, చిత్రం ఎందుకు బాగుండలేదు? ఈ ప్రశ్నకు సమాధానం మెరుపు దీపం చరిత్రలోనే వున్నది. శ్రోతలు కొంచెం ఓపిక పట్టితే ఆ చరిత్రను సంగ్రహంగా మనవి చేస్తాను.

1851 జూన్ మాసంలో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ ఒక ప్రయోగం చేసినాడు. టైమ్స్ పత్రికలోని ఒక పుటను చక్రానికి అంటించి, గదిని చీకటి చేసి, ఆ చక్రాన్ని అతివేగంగా త్రిప్పించినాడు. లీడెన్ జాడీలలో కూడబెట్టిన విద్యుత్తును ఒక్క రవ్వగా వెలువరించినాడు. ఆ క్షణకాలపు వెలుగులో పడిన చిత్రంలో, తిరుగుతున్న కాగితం మీది అక్షరాలు చదువుకోవడానికి వీలుగా వచ్చినవి. కంటికి మసక వలయంగా మాత్రమే తోచేదానిని మెరుపు నిలబెట్టి చూపినది. ఆనాటి సాధనాలతో అది ప్రయోగశాల దాటి వెలుపలికి రాలేదు. అయినా మెరుపుకు వున్న శక్తి ఏమిటో ఆనాడే తేలిపోయినది.

తరువాత పదేళ్ళకు, 1861 ప్రాంతంలో, ఫ్రాన్సులో నాదార్ అనే పేరుతో ప్రసిద్ధుడైన ఛాయాగ్రాహకుడు పారిస్ నగరం క్రింది సొరంగాలలోనికి దిగినాడు. లక్షలాది మృతుల ఎముకలను అక్కడ వరుసలుగా పేర్చి వుంచినారు. బరువైన విద్యుత్ బ్యాటరీలను వీధిలోనే వుంచి, తీగెలను లోపలికి దించి, ఆర్క్ దీపం వెలిగించినాడు. ఒక్కొక్క చిత్రానికి పద్దెనిమిది నిమిషాల వరకు పట్టేది. అంతసేపు కదలకుండా నిలబడగల మనిషి ఎక్కడ దొరుకుతాడు? అందువల్ల పనివాళ్ళ స్థానంలో బట్టలు తొడిగిన బొమ్మలను నిలబెట్టినాడు. వెలుగు దొరికినది గాని, ఆ వెలుగులో బ్రతికివున్న మనిషికి చోటు లేకపోయినది.

ఈ చిక్కుకు కారణం దీపాల బలహీనత ఒక్కటే కాదు. ఆనాటి గాజు పలకల మీద పూసే రసాయనాలకు నీలిరంగు వెలుగు, ఊదారంగు వెలుగు మాత్రమే బాగా సోకేవి. నూనె దీపపు పసుపు వెలుగు వాటికి దాదాపు చీకటితో సమానం. మెగ్నీషియం అనే లోహం మండేటప్పుడు కన్నులు మిరుమిట్లు గొలిపే తెల్లని కాంతి వస్తుంది. అందులో ఆ పలకలకు కావలసిన నీలికాంతి సమృద్ధిగా వున్నది. 1860వ దశకంలో ఈ లోహాన్ని తీగెలుగా తీసి అమ్మడం మొదలైనది. 1864లో ఆల్ఫ్రెడ్ బ్రదర్స్ అనే మాంచెస్టరు ఛాయాగ్రాహకుడు ఆ వెలుగులో చిత్రాలు తీసినాడు. మరుసటి ఏడు స్కాట్లండు రాజఖగోళవేత్త పియాజీ స్మిత్ ఈజిప్టులోని మహా పిరమిడ్ లోపలి గదులను మెగ్నీషియం సాయంతోనే చిత్రించినాడు. అయితే ఆ లోహం ఖరీదైనది. పైగా కాలినప్పుడు వచ్చే తెల్లని పొగ గదినంతా కమ్ముకొనేది.

1887లో జర్మనీలో అడాల్ఫ్ మీటే, యోహానెస్ గేడికే అనే ఇద్దరు మెగ్నీషియం పొడికి పొటాసియం క్లోరేటు, అంటిమొని సల్ఫైడు కలిపి ఒక మందును తయారుచేసినారు. నిప్పు తగలగానే అది ఒక్క రెప్పపాటులో భగ్గున మండిపోయేది. అప్పటికే చురుకైన పొడి పలకలు బజారులోనికి వచ్చి వున్నవి. ఈ రెండూ కలియడంతో చీకటిలో వున్న బ్రతికిన మనిషిని చిత్రించడం మొదటిసారిగా సుసాధ్యమైనది.

ఈ వార్తను న్యూయార్కు నగరంలో ఒక పత్రికా విలేఖరి చదివినాడు. అతని పేరు జేకబ్ రీస్. డెన్మార్కులో 1849లో జన్మించి, 1870లో అమెరికాకు వలసవచ్చి, ఆకలి అంటే ఏమిటో స్వయంగా ఎరిగినవాడు. పోలీసు వార్తలు సేకరించే పనిమీద రాత్రివేళ పేదల వాడలలో తిరిగేవాడు. గాలి, వెలుతురు లేని గదులలో పదుల కొద్దీ మనుషులు నేలమీద పడి నిద్రించడం చూచి పత్రికలలో వ్రాసేవాడు. ఎంత వ్రాసినా చదివేవారి మనసు కదలలేదు. మాటను నమ్మనివారు కంటితో చూస్తే నమ్మక తప్పదని అతనికి తోచినది. మొదట మెరుపు మందును పిస్తోలు వంటి సాధనంలో పెట్టి పేల్చేవారు. అర్ధరాత్రి పిస్తోళ్ళు పట్టుకొని గదిలో జొరబడినవారిని చూచి జనం కిటికీలలోనుండి పారిపోయేవారు. అందుచేత రీస్ పిస్తోలు మానివేసి, వంటింటి పెనంలో మందు పోసి వెలిగించడం మొదలుపెట్టినాడు.

ఒకసారి అతడు గ్రుడ్డివారు కాపురముండే ఒక ఇంట మెరుపు మందు వెలిగించినాడు. మిరుమిట్లు తగ్గి తన చూపు తిరిగి వచ్చేసరికి, గోడకు వ్రేలాడుతున్న కాగితాలు, గుడ్డపేలికలు మండుతూ వున్నవి. గదిలో వున్నది ఆరుగురు. అందులో ఐదుగురు అంధులు. ఇంట్లో నిప్పు పుట్టిన సంగతి వారికి తెలియదు. రీస్ ఒక్కడే నానా అవస్థపడి ఆ మంటను ఆర్పినాడు. ఈ సంగతిని అతడు దాచుకోలేదు. 1890లో తాను ప్రకటించిన గ్రంథంలోనే వ్రాసుకొన్నాడు. మెరుపు దీపం చరిత్ర యావత్తులోను ఇంతకంటె ఆలోచింపజేసే ఘట్టం నాకు కనిపించదు. ఎవరి దుస్థితిని లోకానికి చూపాలని ఆ వెలుగు వచ్చినదో, వారికి ఆ వెలుగు కనిపించదు. దానివల్ల కలిగిన అపాయం మాత్రం వారి నెత్తినే పడబోయినది. వెలుగు పట్టుకొని వెళ్ళినవానికి బాధ్యత కూడ వెంట వుంటుందనడానికి ఇది నిదర్శనం.

ఆ చిత్రాలు వృథా పోలేదు. గ్రంథాన్ని చదివినవారిలో థియోడర్ రూజ్వెల్టు ఒకడు. అతడు న్యూయార్కు పోలీసు కమిషనరుగా వుండగా 1896లో, దిక్కులేనివారిని రాత్రిపూట కుక్కివుంచే పోలీసు బసలను మూయించినాడు. మల్బరీ బెండ్ అనే మురికివాడను పడగొట్టగా, ఆ స్థలంలో 1897లో ఒక ఉద్యానవనం వెలసినది. రీస్ తనను గొప్ప ఛాయాగ్రాహకునిగా ఎన్నడూ భావించుకోలేదు. అతని చిత్రాలలో కొన్ని వంకరగా, కొన్ని మసకగా వున్నవి. 1914లో అతడు మరణించిన తరువాత ఆ పలకలను అందరూ మరచినారు. 1947లో న్యూయార్కు నగర మ్యూజియంలో వాటిని ప్రదర్శించినప్పుడు గాని వాటి విలువ లోకానికి తెలియలేదు. నైపుణ్యంలో లోపాలున్నా ఆ చిత్రాలు నిలిచినవంటే కారణమేమి? అక్కడ చీకటే అసలు విషయం. ఆ చీకటిని చీల్చనిదే చెప్పవలసిన మాట చెప్పడానికి వీలులేదు. అనగా, మెరుపును కోరినది యంత్రం కాదు, విషయం.

మందుతో ప్రమాదాలు తప్పలేదు. చేతులు, ముఖాలు కాలినవారు ఎందరో వున్నారు. 1929లో జర్మనీలో మెరుపు బల్బు వచ్చినది. గాజుబుడ్డిలో ప్రాణవాయువు నింపి, పలుచని అల్యూమినియం రేకు వుంచి, విద్యుత్తుతో వెలిగించేవారు. పొగలేదు, చప్పుడు లేదు. అయితే ఒక్క చిత్రానికి ఒక్క బల్బు. ఆ తరువాత పారవేయవలసినదే. పత్రికల ఛాయాగ్రాహకులకు ఇది వరప్రసాదమైనది. వారిలో న్యూయార్కు నగరపు రాత్రులను చిత్రించిన వీజీ సుప్రసిద్ధుడు. 1943లో అతడు తీసిన ఒక చిత్రంలో, ఆభరణాలు ధరించి సంగీతశాలకు వస్తున్న ఇద్దరు ధనిక స్త్రీలను ప్రక్కనుండి ఒక పేదరాలు తీక్ష్ణంగా చూస్తూ వుంటుంది. ఆ పేదరాలిని ముందే తీసుకొనివచ్చి అక్కడ నిలబెట్టినారని వీజీ సహాయకుడు తరువాత వెల్లడించినాడు. మెరుపు వెలుగులో స్పష్టంగా కనిపించినదల్లా సహజంగా జరిగినదే అని నమ్మరాదని దీనివల్ల తెలుస్తున్నది.

ఇందుకు భిన్నమైన త్రోవ ఫ్రాన్సు దేశీయుడైన ఆంరీ కార్టియే బ్రెసాఁది. వున్న వెలుగును గౌరవించడం కోసమైనా మెరుపు దీపం వాడరాదని అతడు 1952లో ప్రకటించిన తన గ్రంథానికి వ్రాసిన పీఠికలో పేర్కొన్నాడు. కిటికీలోనుండి పడే వెలుగు, వీధి మలుపులోని నీడ అతని దృష్టిలో ఆ క్షణంలో భాగాలు. వాటిని చెరిపివేస్తే ఆ క్షణమే చెరిగిపోతుంది.

అదే కాలంలో అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ అనే ఆచార్యుడు టాల్బట్ ఆశయాన్ని పూర్తిచేసినాడు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయంలో 1931 నుండి అతడు వాయువు నింపిన గాజుగొట్టంలో విద్యుత్తును విడిచి, సెకనులో అతిస్వల్ప భాగం మాత్రమే వుండే మెరుపులను పుట్టించినాడు. పాలచుక్క పడినప్పుడు కిరీటం వలె లేచే అంచును చూపిన అతని 1957 నాటి చిత్రం జగత్ప్రసిద్ధం. నేటి కెమేరాల మీది ఎలక్ట్రానిక్ ఫ్లాష్ ఆ గొట్టానికి వారసురాలే.

కార్టియే బ్రెసాఁ వద్దన్నాడు, ఎడ్జర్టన్ కావాలన్నాడు. ఇద్దరిలో ఎవరు ఒప్పు? ఇద్దరూ ఒప్పే. పాలచుక్క ఆ మెరుపు లేనిదే కనిపించదు. వీధిలోని నీడ ఆ మెరుపు వుంటే కనిపించదు. ఒక్కొక్క విషయం ఒక్కొక్క వెలుగును అడుగుతుంది. దానిని వినగలగడమే ఛాయాగ్రాహకుని విద్య.

ఇక మన ఇండ్లలోని చిత్రాల సంగతి. దూరం రెట్టింపు అయితే మెరుపు వెలుగు నాలుగవ వంతుకు తగ్గుతుంది. నాలుగు రెట్లయితే పదహారవ వంతుకు పడిపోతుంది. పెళ్ళిపీటల మీది వధూవరులు కెమేరాకు ఒక గజం దూరంలోను, వెనుక బంధువులు నాలుగు గజాల దూరంలోను వున్నారనుకొందాము. వధూవరుల ముఖాలు తెల్లబోతాయి, బంధువులు చీకటిలో కలసిపోతారు. దీపం కటకం ప్రక్కనే వుండడంవల్ల నీడలన్నీ వస్తువు వెనుకకు పడతాయి. ముక్కు, చెంప, గడ్డం వీటి ఎత్తుపల్లాలను మనకు తెలిపేది నీడే గనుక, నీడ లేని ముఖం పలక వలె కనిపిస్తుంది. చీకటిలో కంటిపాప విప్పారి వుంటుంది. లోపలి పొరలోని రక్తపు ఎరుపు ఆ వెలుగులో తిరిగి కటకంలో పడుతుంది. కన్నులు ఎర్రబడడానికి కారణం ఇదే.

ఉపాయాలు కష్టమైనవి కావు. విడిగా అమర్చే ఫ్లాష్‌ను తెల్లని పైకప్పు వైపు త్రిప్పితే, వెలుగు అక్కడ తగిలి మెత్తబడి క్రిందికి దిగుతుంది. గోడకు ఆకుపచ్చ రంగు వున్నదా, అటు త్రిప్పరాదు. ముఖాలకు ఆ రంగే అంటుతుంది. విచిత్రమేమంటే, మెరుపు మిక్కిలి మేలు చేసేది ఒక్కొక్కప్పుడు మిట్టమధ్యాహ్నమే. మన ఎండలో కనుబొమ్మల నీడ కన్నులను కప్పివేస్తుంది. కొద్దిపాటి ఫ్లాష్ ఆ నీడను పలుచబరుస్తుంది. దీపావళినాటి రాత్రి మాత్రం దానిని ఆర్పివుంచడం మంచిది. ప్రమిద ముందు కూర్చున్న పిల్లవాని ముఖాన పడే పసిమి వెలుగే ఆ చిత్రానికి ప్రాణం. మెరుపు మెరిస్తే ప్రమిద వున్నా లేనట్టే.

1975లో కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు ఫిల్ము లేని కెమేరాను తయారుచేసినాడు. అందులోని చిత్రం అడ్డంగా వంద, నిలువుగా వంద చుక్కల అల్లిక. ఒక్క చిత్రాన్ని క్యాసెట్ టేపు మీద నమోదు చేయడానికి 23 సెకన్లు పట్టేది. నేటి డిజిటల్ కెమేరాలు నాటి ఫిల్ముకంటె ఎన్నో రెట్లు మందమైన వెలుగులోను చిత్రం తీస్తున్నవి. టెలిఫోన్లు అనేక చిత్రాలను వరుసగా తీసి, వాటిని కలిపి చీకటిని తేటపరుస్తున్నవి. కావున మెరుపు అవసరం తగ్గినది. చిత్రం వెంటనే తెరమీద కనిపిస్తుంది గనుక, ఔత్సాహికునికి ఇంతటి మంచి గురువు మునుపు ఎన్నడూ దొరకలేదు. ఫ్లాష్‌తో ఒకటి, ఫ్లాష్ లేకుండా ఒకటి, కిటికీ ప్రక్కకు జరిపి ఒకటి తీసి పోల్చుకొంటే, ఒక సాయంకాలంలో నేర్చుకొన్నది చిరకాలం ఉపకరిస్తుంది.

అయితే ఖర్చు లేనప్పుడు ఆలోచన కూడ తగ్గే ప్రమాదం వున్నది. ఒక్కొక్క బల్బుకు వెల చెల్లించిన రోజులలో, మీట నొక్కేముందు ఈ వెలుగు ఎందుకని తనను తాను ప్రశ్నించుకొనక తప్పేది కాదు. నేడు ఆ ప్రశ్నను మనమే పనిగట్టుకొని వేసుకోవాలి. నిద్రిస్తున్న పసివాని మీద, ఆస్పత్రి మంచం మీది పెద్దల మీద, దుఃఖంలో వున్న ఇంటి మీద మెరుపు మెరిపించేముందు, ఆ వెలుగును కోరుతున్నది వారి మేలా, మన వేడుకా అని ఒక్క క్షణం నిదానించవలసి వున్నది. మంచి ఛాయాచిత్రానికి వెలుగు ఎంత వున్నదన్నది ప్రధానం కాదు. ఏ వైపునుండి వచ్చినది, దేనికోసం వచ్చినది, ఎవరిపట్ల ఎంత ఆదరంతో వచ్చినది అన్నవే ప్రధానం.