దేహద్రవ నిర్గమ నాళికల రూపకల్పనా చరిత్ర: సుశ్రుతుని నాడీయంత్రం నుంచి సుల్తాన్‌పూర్ వరకు

వ్యాససంగ్రహం:
శరీరంలో నిలిచిపోయిన ద్రవాన్ని వెలుపలికి పంపే గొట్టం వైద్యపరికరాలలో అతి ప్రాచీనమైనది. మూసుకుపోవడం, జారిపోవడం, సూక్ష్మజీవులకు దారి ఇవ్వడం అనే మూడు లోపాలతో జరిగిన పోరాటమే దీని రూపకల్పనా చరిత్ర. ఆ చరిత్రలోని ప్రధాన ఘట్టాలను క్రమంగా పరిశీలించి, అందులో హైదరాబాదు వైద్యరంగానికి, సంగారెడ్డి - పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతానికి ఉన్న స్థానాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నాడీయంత్రం, కాథెటర్, ఫోలీ, జీవపొర, నాగి స్టెంట్, సుల్తాన్‌పూర్, పటాన్‌చెరు.

1. ఉపోద్ఘాతం:
సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని లక్డారం రాతి క్వారీలకు, క్రషర్లకు పేరుపడిన గ్రామం. దాని చుట్టుపట్ల ఉన్న రుద్రారం, ఇస్నాపూర్, పాశమైలారం గ్రామాల పేర్లు నేడు కర్మాగారాల చిరునామాలుగానే ఎక్కువమందికి తెలుసు. 1960లలో రామచంద్రాపురంలో భెల్ సంస్థ, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, ఆపై మందుల కంపెనీలు, లోహ, ప్లాస్టిక్ పరిశ్రమలు వచ్చాయి. ఈ వరుసలో చివరిది వైద్యపరికరాల పరిశ్రమ. సుల్తాన్‌పూర్‌లో సుమారు 250 ఎకరాలలో తలపెట్టిన వైద్యపరికరాల పార్కుకు 2017 జూన్‌లో శంకుస్థాపన జరిగింది.

ఈ ప్రాంతం ఇకమీద ఇతరులు రూపొందించిన పరికరాన్ని పోతపోసి ఇచ్చే చోటుగానే మిగులుతుందా, పరికరాన్ని రూపొందించే చోటుగా కూడా మారుతుందా అన్నది ముఖ్యమైన ప్రశ్న. దానికి సమాధానం వెతకాలంటే ఒక పరికరం ఎవరి చేతుల్లో, ఏ అవసరం వల్ల మెరుగుపడిందో తెలియాలి. అందుకు నిర్గమ నాళికను మించిన ఉదాహరణ అరుదు. అది చవకైనది, సామాన్యమైనది. ప్రతి ఆసుపత్రి వార్డులో మంచం పక్కన వేలాడుతూ ఉంటుంది. అయినా దాని చరిత్ర మన భాషలో చర్చకు వచ్చింది తక్కువ.

2. పదచర్చ:
కాథెటర్ అనే మాటకు మూలం గ్రీకు భాష. కిందికి దింపడం, లోపలికి పంపడం అని దాని ధాత్వర్థం. సంస్కృత వైద్యగ్రంథాలు నాడి, నాళం అన్న మాటలను వాడాయి. తెలుగులో అచ్చమైన మాట గొట్టం. నేటి ఆసుపత్రి వ్యవహారంలో మాత్రం రోగులు, వారి బంధువులు అనే మాట ఒక్కటే: పైపు. మూత్రానికి వేసినా, ఛాతీలోకి వేసినా, ముక్కు ద్వారా కడుపులోకి వేసినా అది పైపే. మొదటి రెండూ ద్రవాన్ని బయటికి తెచ్చేవి, మూడోది చాలా సందర్భాలలో ఆహారాన్ని లోపలికి పంపేది. ఒకే పేరుతో పిలిచే వస్తువుల మధ్య ఇంత భేదం ఉన్నప్పుడు, ఇంటికి పంపిన రోగిని చూసుకునేవారికి ఏ గొట్టాన్ని ఎలా చూసుకోవాలో చెప్పడం కష్టమవుతుంది. ఇది భాషకు సంబంధించిన సమస్యే కాదు, రోగి క్షేమానికి సంబంధించిన సమస్య కూడా.

మన భాషలో ఇందుకు వనరులు లేకపోలేదు. చెరువు కట్టలోంచి నీటిని నియమితంగా వదిలే మార్గాన్ని తూము అన్నాము, నిండిన నీరు పొర్లిపోయే చోటును అలుగు అన్నాము. వలకన్ను, జల్లెడకన్ను అన్నట్లే నాళిక కొనన ఉండే రంధ్రాన్ని కన్ను అనవచ్చు. ఈ వ్యాసంలో ఆ మాటనే వాడుతున్నాను.

3. ప్రాచీన దశ - సుశ్రుతుని నాడీయంత్రాలు:
సుశ్రుతసంహిత 101 యంత్రాలను పేర్కొని వాటిని ఆరు తరగతులుగా విభజించింది. స్వస్తిక యంత్రాలు 24, సందంశాలు 2, తాళయంత్రాలు 2, నాడీయంత్రాలు 20, శలాకలు 28, ఉపయంత్రాలు 25. ఇందులో నాడీయంత్రాలు బోలుగా ఉండే గొట్టాలు. కొన్నింటికి ఒక ద్వారం, కొన్నింటికి రెండు ద్వారాలు ఉంటాయి.

దకోదరం, అంటే పొట్టలో నీరు చేరిన వ్యాధికి, ఆ గ్రంథం చెప్పిన చికిత్స ప్రత్యేకంగా గమనించదగినది. నాభికి దిగువన, ఎడమవైపు, నాలుగంగుళాలు వదిలి వ్రీహిముఖమనే శస్త్రంతో గుచ్చాలి. ఆ దారిలో తగరం వంటి లోహంతో గాని, పక్షి ఈక కాడతో గాని చేసిన రెండు ద్వారాల నాడిని ఉంచి నీటిని వదలాలి. అయితే మొత్తం నీటిని ఒకే రోజు తీయకూడదు. అలా తీస్తే దప్పిక, జ్వరం, ఆయాసం వంటి ఉపద్రవాలు వస్తాయి. కొన్ని రోజుల వ్యవధితో కొద్దికొద్దిగా తీస్తూ, పొట్టను బిగువుగా చుట్టి ఉంచాలి. పొట్టలోని ద్రవాన్ని ఒక్కసారిగా అధికంగా తీస్తే రక్తప్రసరణ దెబ్బతింటుందని ఆధునిక వైద్యం కూడా హెచ్చరిస్తుంది. గొట్టం ఎంత ముఖ్యమో, ప్రవాహాన్ని నియంత్రించడం అంత ముఖ్యమన్న ఎరుక ఇక్కడ కనిపిస్తుంది.

పాశ్చాత్య ప్రపంచంలోనూ దాదాపు ఇదే దశ ఉన్నది. క్రీ.శ. 79లో అగ్నిపర్వత విస్ఫోటనంలో కూరుకుపోయిన పాంపే నగరపు తవ్వకాలలో కంచు మూత్రనాళికలు దొరికాయి. వాటిలో మూత్రమార్గపు వంపును అనుసరించి చేసినవి ఉన్నాయి. ఆకారం సరిగానే ఉన్నది, కాని లోహం వంగదు. ఆ తరువాతి చరిత్రలో అధికభాగం వంగే పదార్థం కోసం జరిగిన అన్వేషణే.

4. పదార్థం, కొలత:
1752లో బెంజమిన్ ఫ్రాంక్లిన్, మూత్రాశయ రాళ్లతో బాధపడుతున్న తన అన్న జాన్ కోసం వెండితో వంగే నాళికను చేయించాడు. 1839లో ఛార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసి గట్టిపరిచే పద్ధతిని కనుగొన్న తరువాత అసలైన మార్పు వచ్చింది. 1860 ప్రాంతంలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఒగుస్త్ నెలటాన్ మెత్తని ఎర్ర రబ్బరు నాళికను ప్రచారంలోకి తెచ్చాడు. లోహపు మొన వల్ల కలిగే గాయాలు దీనితో తగ్గాయి. 20వ శతాబ్దంలో లేటెక్స్, పీవీసీ, సిలికోన్ వరుసగా వచ్చాయి.

పారిస్‌లో శస్త్రపరికరాలు చేసే షారియేర్ 19వ శతాబ్దంలో ఏర్పరచిన కొలత నేటికీ వాడుకలో ఉన్నది. దాన్ని ఫ్రెంచ్ అంటారు. ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. 18 ఫ్రెంచ్ నాళిక అంటే 6 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసం గలదని అర్థం. ఈ కొలతను ఇచ్చినవాడు వైద్యుడు కాదు, పనిముట్లు చేసేవాడు. ఏ దేశంలో చేసిన గొట్టమైనా మరో దేశపు రోగికి సరిపోవడం ఇటువంటి ఉమ్మడి కొలత వల్లనే సాధ్యమైంది.

5. నిలకడ సమస్య - ఫోలీ నాళిక:
మెత్తని గొట్టం సులువుగా లోపలికి పోతుంది, అంత సులువుగానే జారి వస్తుంది. దాన్ని పట్టీలతో, దారాలతో కట్టి ఉంచేవారు. అమెరికాలోని సెయింట్ పాల్ నగరానికి చెందిన మూత్రరోగ వైద్యుడు ఫ్రెడరిక్ ఫోలీ, నాళిక కొన దగ్గర ఉబ్బే బుడగను అమర్చే ఆలోచనను 1929లో వెల్లడించాడు. మొదట అతని లక్ష్యం గొట్టాన్ని నిలపడం కాదు. ప్రొస్టేట్ శస్త్రచికిత్స తరువాత రక్తస్రావాన్ని అదిమి ఆపడం. 1930లలో అదే బుడగ మూత్రాశయంలో గొట్టాన్ని పట్టి ఉంచే ఉపాయంగా స్థిరపడింది.

ఫోలీ 1936లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. అప్పటికే డేవల్ రబ్బర్ కంపెనీకి చెందిన పాల్ రైచే అటువంటి రూపకల్పనకు పేటెంటు పొందాడు. వివాదం న్యాయస్థానం దాకా వెళ్లి చివరకు రైచే పక్షాన తేలింది. పేటెంటు ఒకరిది, పేరు మరొకరిది అయింది. పరికరాల చరిత్రలో కర్తృత్వాన్ని నిర్ణయించడం ఎంత చిక్కైనదో ఈ ఉదంతం చెబుతుంది. ఆలోచన, ఆచరణసాధ్యమైన తయారీ, విపణి అనే మూడూ ఒకే చోట ఉండడం అరుదు. తెలుగునాట కూడా ఇదే పరిస్థితి ఎదురవుతుందని ఈ వ్యాసం 8వ భాగంలో చూడవచ్చు.

6. సూక్ష్మజీవుల సమస్య:
మూత్రాన్ని తెరిచిన సీసాలోకి వదిలినంతకాలం కొద్దిరోజులలోనే దాదాపు ప్రతి రోగికీ ఇన్ఫెక్షన్ సోకేది. నాళిక నుంచి సంచి దాకా గాలి సోకని మూసిన మార్గం ఉండాలన్న ఆలోచనను కత్‌బర్ట్ డ్యూక్స్ 1928లోనే ప్రతిపాదించాడు. 1966లో కాల్విన్ క్యూనిన్ మరొకరితో కలిసి ప్రచురించిన అధ్యయనం దాని ప్రయోజనాన్ని స్పష్టపరచింది. గొట్టం మారలేదు, గొట్టం చివర ఉన్న సంచి మారింది. అయినా ఇన్ఫెక్షన్లను తగ్గించడంలో ఇంతటి మేలు చేసిన మార్పు మరొకటి లేదనవచ్చు.

సమస్య మాత్రం పూర్తిగా తీరలేదు. మూసిన పద్ధతిలోనూ నాళిక ఉన్న ప్రతి రోజుకు మూత్రంలో సూక్ష్మజీవులు చేరే అవకాశం సుమారు 3 నుంచి 7 శాతం. అవి గొట్టపు గోడను అంటుకొని జిగురుపొరగా ఏర్పడతాయి. ఈ జీవపొరలోకి మందు చొరబడడం కష్టం. వెండి మిశ్రమంతో, క్రిమినాశకాలతో పూతపూసిన నాళికలు ఇందుకే వచ్చాయి. అయితే బ్రిటన్‌లో 7,000 మందికి పైగా రోగులపై జరిపి 2012లో ప్రచురించిన పరీక్షలో, కొద్దికాలం వాడే నాళికల విషయంలో వెండిపూత వల్ల చెప్పుకోదగిన ప్రయోజనం కనబడలేదు. ఖరీదైన ప్రతి మార్పూ మెరుగుదల కాదని ఇది నిరూపించింది. అనవసరంగా గొట్టం వేయకపోవడం, అవసరం తీరిన రోజే తీసివేయడం నేటికీ మేలైన ఉపాయాలు.

7. ప్రవాహ సమస్య - కన్ను, కొన, వ్యాసం:
గొట్టం గుండా పలుచని ద్రవం నెమ్మదిగా, నిలకడగా పారేటప్పుడు ప్రవాహం వ్యాసార్ధపు నాలుగో ఘాతాన్ని అనుసరిస్తుందని పాయిజోయ్ సూత్రం. లోపలి వ్యాసం రెండింతలైతే ప్రవాహం 16 రెట్లవుతుంది. పొడవు రెండింతలైతే ప్రవాహం సగమవుతుంది. అందువల్ల గోడ పలుచబడి లోపలి దారి కొద్దిగా పెరిగినా లాభం ఎక్కువ. కాని గోడ మరీ పలుచనైతే గొట్టం మడత పడుతుంది. రూపకర్త నిత్యం తూచవలసిన సమస్య ఇది.

కన్నుల సంగతి కూడా ఇటువంటిదే. ఒకే కన్ను ఉంటే లోపలి పొర దానికి అతుక్కొని ప్రవాహం ఆగుతుంది, అందుకే పక్కల మరికొన్ని కన్నులు పెడతారు. వాటిలో ఒకటి ద్రవపు గూడు వెలుపల పడితే ద్రవం కారిపోతుంది. పందితోకలా చుట్టుకొనే కొన ఈ రెండు సమస్యలకూ కొంత పరిష్కారం. కన్నులు చుట్ట లోపలివైపు ఉంటాయి, చుట్ట గొట్టాన్ని జారనివ్వదు. 1978లో ఫిన్నీ వర్ణించిన రెండు కొనల చుట్టనాళిక, 1980లో కాన్‌స్టాంటిన్ కోప్ వర్ణించిన దారంతో బిగిసే చుట్ట ఈ దారిలో వచ్చినవే.

మెదడులోని నీటిని మళ్లించే నాళిక కథ వేరు. 1950లలో అమెరికాలో ఒక కర్మాగారంలో సాంకేతిక ఉద్యోగిగా ఉన్న జాన్ హోల్టర్, తన కుమారుని జలశీర్ష వ్యాధిని చూసి, ద్రవం ఒకే దిశలో పోయేలా సిలికోన్ కవాటాన్ని తయారుచేశాడు. శస్త్రవైద్యుడు యూజీన్ స్పిట్జ్‌తో కలిసి చేసిన ఆ కవాటం 1956 నుంచి వాడుకలోకి వచ్చింది. వార్డులో కనిపించిన లోటును కర్మాగారంలోని నైపుణ్యం తీర్చిన సందర్భమిది.

8. హైదరాబాదు ఘట్టం:
వైద్యుడు, ఇంజనీరు కలిసి పనిచేసిన సందర్భం హైదరాబాదుకూ ఉన్నది. 1990లలో హృద్రోగ నిపుణుడు బి. సోమరాజు, రక్షణరంగ శాస్త్రవేత్త ఎ.పి.జె. అబ్దుల్ కలాం కృషితో తక్కువ ధరకు లభించే కలాం - రాజు స్టెంట్ రూపొందింది. అది రక్తనాళాన్ని తెరిచి ఉంచేది, ద్రవాన్ని బయటికి తీసేది కాదు. అయినా స్థానిక రూపకల్పన సాధ్యమేనన్న విశ్వాసాన్ని అది కలిగించింది.

ఈ వ్యాస విషయానికి సూటిగా చెందినది నాగి స్టెంట్. తీవ్రమైన క్లోమశోథ తరువాత కొందరిలో క్లోమం చుట్టూ ద్రవం, కుళ్లిన కణజాలం గోడకట్టి నిలుస్తాయి. ఎండోస్కోపీ ద్వారా జీర్ణాశయపు గోడకు దారిచేసి వాటిని లోపలికి వదిలేందుకు 7 లేదా 10 ఫ్రెంచ్ ప్లాస్టిక్ చుట్టనాళికలు వాడేవారు. 10 ఫ్రెంచ్ అంటే 3.3 మిల్లీమీటర్లే. పలుచని ద్రవానికి అది చాలు, కణజాలపు ముక్కలకు చాలదు. ముక్క అడ్డుపడితే ద్రవం నిలిచి, ఇన్ఫెక్షన్ ప్రాణాపాయంగా మారుతుంది. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వ్యవస్థాపకుడు డి. నాగేశ్వరరెడ్డి పేరుతో వ్యవహరింపబడే ఈ స్టెంట్ లోహపు అల్లికతో, పైన పూతతో, రెండు కొనలూ వెడల్పుగా విచ్చుకొనే రూపంతో ఉంటుంది. దీని నడిమి వ్యాసం 10 నుంచి 16 మిల్లీమీటర్లు. విచ్చుకొన్న కొనలు దాన్ని జారకుండా ఆపుతాయి. వెడల్పైన దారి ముక్కలను పోనిస్తుంది, అవసరమైతే ఎండోస్కోపును ఆ దారి గుండానే లోపలికి పంపి శుభ్రం చేయవచ్చు. మూసుకుపోవడం, జారిపోవడం అనే రెండు పాత లోపాలకు ఒకే రూపంలో సమాధానం లభించింది.

అయితే దీన్ని తయారుచేసినది దక్షిణ కొరియాకు చెందిన టేవూంగ్ సంస్థ. ఆలోచన హైదరాబాదులో, తయారీ కొరియాలో. రోగి పక్కన నిలిచి లోపాన్ని గుర్తించినవాడు ఇక్కడ ఉన్నాడు. సన్నని తీగను అల్లి, పూతపూసి, పరీక్షించి, ప్రపంచానికి పంపగల కర్మాగారం అక్కడ ఉన్నది.

9. సుల్తాన్‌పూర్ - అవకాశం, బాధ్యత:
ఈ దూరాన్ని తగ్గించే అవకాశం సుల్తాన్‌పూర్‌కు ఉన్నది. 2022లో అక్కడ సహజానంద్ మెడికల్ టెక్నాలజీస్ సంస్థ గుండె స్టెంట్ల కర్మాగారాన్ని ప్రారంభించింది. ఇదే జిల్లాలోని కందిలో ఐఐటీ హైదరాబాదు ఉన్నది. గచ్చిబౌలిలోని ఆసుపత్రులు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎంతో దూరం కావు. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్టణపు మెడ్‌టెక్ జోన్ ఇదే లక్ష్యంతో నడుస్తున్నది. నియమాల పరంగా చూస్తే 2005లోనే కాథెటర్లు మందుల చట్టం పరిధిలోకి వచ్చాయి. 2017 వైద్యపరికరాల నియమావళి 2018 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది.

బాధ్యత కూడా ఉన్నది. ఈ నాళికలలో అధికభాగం ఒక్కసారి వాడి పారవేసేవి. పారిశ్రామిక వ్యర్థాలు నక్కవాగుకు ఏం చేశాయో పటాన్‌చెరు ప్రజలకు అనుభవమే. ఒక దేహంలోని మలినాన్ని తొలగించే వస్తువు మరో ఊరి నీటికి మలినం కాకూడదు. పదార్థాన్ని ఎంచుకొనే దశలోనే ఈ విచారం ఉండాలి.

10. ఉపసంహారం:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. నిర్గమ నాళికలో వచ్చిన మార్పులలో ముఖ్యమైనవన్నీ రోగి అనుభవించిన ఒక నిర్దిష్టమైన లోపం నుంచి పుట్టాయి. మూసుకుపోవడం, జారిపోవడం, ఇన్ఫెక్షన్ అనే మూడింటిలో చివరిది నేటికీ పూర్తిగా లొంగలేదు.

2. ఈ చరిత్రను నడిపినవారిలో వైద్యులతో పాటు పనిముట్లు చేసేవారు, కర్మాగార ఉద్యోగులు ఉన్నారు. పటాన్‌చెరు ప్రాంతపు కార్మికుని నైపుణ్యాన్ని రూపకల్పనకు వెలుపల ఉంచడానికి చరిత్రలో ఆధారం లేదు.

3. నాగి స్టెంట్ ఉదాహరణ తెలుగునాట రూపకల్పనా శక్తికి కొరత లేదని, లోటు తయారీలో ఉండేదని తెలుపుతుంది. సుల్తాన్‌పూర్ విజయాన్ని అక్కడి షెడ్ల సంఖ్యతో కాక, అక్కడ పుట్టిన రూపకల్పనలతో కొలవాలి.

4. రోగితో ఇంటికి వెళ్లే ప్రతి గొట్టం వెంట తెలుగులో ఒక స్పష్టమైన పేరు, నాలుగు మాటల సూచన ఉండాలి. సంచిని ఎప్పుడూ మూత్రాశయం కన్నా దిగువన ఉంచాలన్న ఒక్క సూచన ఇంట్లోవారికి అర్థమైతే, వాడిన మూత్రం వెనక్కి పారి కలిగే హాని తప్పుతుంది. ఆ సూచన రాయవలసినది వైద్యుడు ఒక్కడే కాదు. తెలుగు పరిశోధకులకు కూడా అందులో పాలు ఉన్నది.